మూడో అంతస్తుకి నాలుగడుగుల కింద

కావాల్సిందే నాకు. ముప్పై ఒక్క ఏళ్ళుగా లిఫ్టుల్లో ఇరుక్కున్నవాళ్ళని బయటికి తీస్తున్న మనిషిని, ఇవాళ నేనే ఇరుక్కున్నాను. ఇంకో రోజు దొరకలేదు. ఇంకో లిఫ్టు దొరకలేదు. గడియారంలో తొమ్మిదీ ఐదు. పది గంటలకి మా ఆవిడని తల ఆపరేషన్‌కి తీసుకెళ్తారు. పదికి పావుగంట ముందు నేను ఆవిడ మంచం పక్కన నిలబడి, పాస్టరు గారు కాదు, వదిన కాదు, నేను, నా నోటితో, పైకి వినబడేలా ప్రార్థన చెయ్యాలి. నిన్న సాయంత్రం మాటిచ్చాను. ఆవిడేమో మూడో అంతస్తు వార్డులో, నేనేమో రెండుకీ మూడుకీ మధ్య ఈ ఇనుప పెట్టెలో, చేతిలో స్పానరు పట్టుకుని. ప్రభువా, నీకిది సరదాగా ఉందా? ఉంటే చెప్పు. ఊరికే తెలుసుకుందామని.

కోపం నీ మీద కూడా కాదు, నా మీద. ఎవడైనా ఒక తప్పు చేస్తాడు. ఒకే పూట నాలుగు తప్పులు వరసగా చెయ్యాలంటే దానికి అనుభవం కావాలి. ఒకటి, లిఫ్టు మోటారు ఉండేది డాబా మీది గదిలో, ఆ గది తాళంచెవి కింద లిఫ్ట్‌మ్యాన్ పెద్దాయన చేతికిచ్చి మరీ లోపలికెక్కాలి, కొత్తగా చేరినవాళ్ళకి నేనే నేర్పే మొదటి పాఠం అది. ఆ తాళంచెవి నా ప్యాంటు జేబులో ఉంది. రెండు, పని జరుగుతుంటే ఎవరిదో వేలు తగిలి ప్రమాదపు గంట మోగితే పేషంట్లు కంగారు పడతారని ఆ గంట వైరు నేనే పీకేశాను. మూడు, ఫోను. ఫోను మా ఆవిడ దిండు పక్కన వదిలేసి వచ్చాను, ఎందుకంటే వదిన, అంటే మా ఆవిడ అక్క, దారిలో ఉంది, పదినిమిషాలకోసారి ఫోన్ చేసి బైబిల్లోంచి ఒక వాక్యం చదువుతుంది, అది ఎత్తే ఓపిక నాకు లేక. నాలుగోది అన్నిటికంటే అందమైనది. ప్రతి అంతస్తులోనూ లిఫ్టు తలుపుకి బోర్డు తగిలించి వచ్చాను. మరమ్మతు జరుగుతోంది, దయచేసి సహకరించండి. నా చేత్తో రాసిన బోర్డులే. ఇప్పుడు నేను లోపల్నుంచి ఎంత బాదినా బయటివాళ్ళు ఏమనుకుంటారు? మరమ్మతు జరుగుతోంది అనుకుంటారు. దయచేసి సహకరిస్తారు.

సహకరించారు కూడా. ఇందాక తుడిచే ఆవిడ బకెట్టు ఈడ్చుకుంటూ పోతూ ఆగింది. నేను స్పానరుతో తలుపు మీద కొట్టాను, మూడుసార్లు, ఆగి, మళ్ళీ మూడుసార్లు. అమ్మా, పెద్దాయన్ని పిలవమ్మా అని గొంతు చించుకున్నాను. చెవుల్లో పాటలు పెట్టుకుందో ఏమో, "సారూ, కొంచెం మెల్లగా కొట్టుకోండి, లోపల పేషంట్లు పడుకున్నారు" అని బుద్ధి చెప్పి వెళ్ళిపోయింది. బకెట్టు చప్పుడు దూరమైంది. నాకు నవ్వొచ్చింది, నిజంగా వచ్చింది, తరవాత ఆ నవ్వు ఇంకోటేదో అయింది. పెద్దాయన ఏ టీ కొట్టు బెంచీ మీదో కాళ్ళు చాపుకుని ఉంటాడు. లిఫ్టు నడవని రోజు ఆయనకి సెలవే మరి. పైన ఫ్యూజు కొట్టేసింది, అంతే, రెండు నిమిషాల పని. రెండు నిమిషాల పనికి ఐదు అంతస్తుల దూరంలో కూచున్నాను, తాళంచెవి మాత్రం భద్రంగా జేబులో వేసుకుని.

అసలు నన్ను ఎవడు చెయ్యమన్నాడు ఈ పని? ఎవడూ అడగలేదు. ఎనిమిదిన్నరకి ఆవిడ పక్కన కుర్చీలో కూచుని ఉన్నాను. నర్సు వచ్చి ఆవిడ జుట్టు తీసేసిన చోట ఏదో మందు రాసి వెళ్ళింది. ఆ గుండు తల మీద నీలం పెన్నుతో గీత గీశారు, బడిపిల్లలు మ్యాపులో నది గీసినట్టు. నేను ఆ గీత వైపు చూడకుండా కిటికీ చూశాను, సెలైన్ సీసా చూశాను, గోడ మీద పాత మేకు చూశాను. అప్పుడు వినబడింది, వరండాలో లిఫ్టు వచ్చి ఆగిన చప్పుడు, ఆగేముందు చిన్న కుదుపు. బ్రేకు ఒక క్షణం ఆలస్యంగా పట్టుకుంటోంది. వేరేవాళ్ళకి వినబడదు, నాకు మాత్రం పంటి కింద రాయిలా తగిలింది. లేచాను. స్ట్రెచర్ ఇందులోనే కదా పైకి తీసుకెళ్ళేది, ఆ కుదుపు నీ తలకి తగిలితే, అన్నాను. ఈ ఆసుపత్రి లిఫ్టు చూసేది మా కంపెనీయే, పనిముట్ల పెట్టె కిందే ఉంది, పావుగంట, వచ్చేస్తాను, అన్నాను. ఆవిడ నన్ను చూసింది. పోయిన వారం అన్న మాటే ఆ చూపులో ఉంది. వదిన వాక్యాల గురించి నేను విసుక్కుంటే, "అక్కకి భయమేస్తే వాక్యం చదువుతుంది, మీకు భయమేస్తే స్క్రూడ్రైవర్ తీస్తారు. ఎవరి మందు వాళ్ళది" అంది. అంత పెద్ద మాట ఎక్కడా తడబడకుండా వచ్చినందుకు ఆ రోజు ఇద్దరం ఎంత సంతోషపడ్డామో.

మాట. అదే కదా ఇప్పుడు ఉన్నదంతా. గడ్డ ఉన్నది మాట పుట్టే చోటట. ఆరు నెలల కింద మొదలైంది. గరిటె అనబోయి గొడుగు అనేది, నవ్వేది, నేనూ నవ్వేవాణ్ణి, వయసు మీద పడుతోంది అని ఆటపట్టించేవాణ్ణి. ఆటపట్టించాను! తరవాత నా పేరు కోసం తడుముకుంది ఒక పొద్దున, గిన్నె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయి. డాక్టరు మంచివాడే, దాచలేదు. ప్రాణానికి భయం తక్కువ, మాటకి మాత్రం నేను హామీ ఇవ్వలేను, లేచాక మాట ఉండొచ్చు, పోవచ్చు, కొన్ని పోయి కొన్ని ఉండొచ్చు, అన్నాడు. ఇంకెవరికైనా అయితే సరే అనుకోవచ్చు. ఆవిడ బతికిందే గొంతుతో.

మా కంపెనీలో ఫిర్యాదుల ఫోను దగ్గర కూచునేది. లిఫ్టులో ఇరుక్కున్నవాళ్ళు లోపలి ఫోను ఎత్తితే మోగేది ఆవిడ బల్ల మీదే. ఈ ఆసుపత్రి లిఫ్టుకి ఆ ఫోను లేదు, నేను పీకేసిన ఆ గంట ఒక్కటే. నేను మనిషిని చూడకముందే గొంతు విన్నాను. ఒక పెద్ద బట్టల దుకాణంలో లిఫ్టు ఆగిపోయింది, నేను స్కూటరు మీద పడి చేరి, తలుపు కొంచెం జరిపేసరికి లోపల ఫోనులోంచి ఒకమ్మాయి గొంతు, తొందరేం లేనట్టు. "ఎంతసేపు పడుతుందో నాకు తెలీదండీ. మనిషి బయల్దేరాడు. అంతవరకూ నేను లైన్లోనే ఉంటాను." లోపల ఉన్నది ఒక లావుపాటి వకీలు. కోర్టులో బల్లగుద్ది మాట్లాడే మనిషి, నేల మీద బాసింపట్టు వేసుక్కూచుని చిన్నప్పుడు తనకి వాళ్ళమ్మ పాడిన జోలపాట ఫోన్లో ఆవిడకి పాడి వినిపిస్తున్నాడు. ఆవిడే పాడించింది. మేనేజరుకి ఆవిడంటే ఒళ్ళుమంట. ఐదు నిమిషాల్లో వచ్చేస్తారు అని చెప్పొచ్చు కదమ్మా, నీ సొమ్మేం పోయింది అనేవాడు. ఆవిడ ఒప్పుకునేది కాదు. ఆరో నిమిషం రాగానే వాళ్ళు నన్నూ నమ్మరు, బయల్దేరిన మనిషినీ నమ్మరు, అప్పుడు వాళ్ళకి ఇంకేం మిగులుతుంది అనేది. నిజం చెప్పి పక్కన ఉండడం, అంతే ఆవిడ పని. పెళ్ళయ్యాక ఒకసారి అడిగాను, అంత ఓపిక ఎక్కడిదే నీకు అని. నన్నూ ఎవరో అలాగే పట్టుకుని ఉన్నారు కదండీ అంది, బట్టలు మడతపెడుతూ, అదేదో కూరగాయల ధర చెప్పినట్టు. నేను గుడికెళ్ళి పాటలు పాడతాను, చందా పట్టుకుంటాను, కుర్చీలు సర్దుతాను, మైకు బాగుచేస్తాను. ఆవిడ నమ్ముతుంది. రెండూ ఒకటి కాదని నాకు తెలుసు.

తొమ్మిదీ ఇరవై రెండు. మళ్ళీ కొట్టాను, మూడు, ఆగి మూడు. ఎవరో నడిచి వెళ్ళారు. సహకరించారు.

సరే, ఇక్కడ ఎవరూ లేరు, ఒప్పుకుంటాను. కుదుపు ఉంది, అబద్ధం కాదు. కానీ నేను లేచి వచ్చింది కుదుపు కోసం కాదు. ప్రార్థన తప్పించుకోడానికి. నిన్న పాస్టరు గారు వచ్చి, రేపు పొద్దున్నే వచ్చి ప్రార్థిస్తానమ్మా అంటే, ఆవిడ వద్దండి, రేపు మా ఆయన చేస్తారు అంది. నా వైపు చూడకుండా అంది. పాస్టరు గారు నా భుజం తట్టి వెళ్ళారు, చేతికి చిక్కిన చేపని తట్టినట్టు. నేను ప్రార్థన చెయ్యనని కాదు. చేస్తాను. భోజనం ముందు చేస్తాను, కొత్త లిఫ్టు మొదటిసారి నడిపేముందు చేస్తాను. స్తోత్రం, కృతజ్ఞత, నీ చిత్తం. అడగడం మాత్రం చెయ్యను. ఇరవై ఆరేళ్ళుగా ఏదీ అడగలేదు. ఆవిడకి తెలుసు. ఒక్కసారి కూడా ఎత్తిపొడవలేదు, అదే నాకు ఇంకా మంట.

మా చిట్టి, మా పాప, పుట్టి నాలుగు రోజులే ఉంది. పేరు పెట్టలేదు, ఆదివారం గుడిలో పెడదామనుకున్నాం, ఆదివారం రాలేదు. మూడో రోజు రాత్రంతా నేను ఒక వరండాలో, ఇలాంటిదే, ఇదే ఫినాయిల్ వాసన, మోకాళ్ళ మీద ఉండి అడిగాను. గట్టిగా అడిగాను. పక్కన నిద్రపోతున్నవాళ్ళు లేచి చూశారు, అయినా సిగ్గుపడలేదు. నాకు ఇంకేమీ వద్దు, ఇది ఒక్కటి ఇవ్వు అన్నాను. ఏం జరిగిందో నీకు తెలుసు. కాదు అని కూడా చెప్పలేదు నువ్వు. ఎవరైనా చెబుతారు కదా, తలుపు తీసి, లేదు బాబూ అని. అప్పట్నుంచీ సరే అనుకున్నాను, నీ ఇల్లు నీది, వస్తాను, కూచుంటాను, పాడతాను, కానీ చెయ్యి చాపను. ఆవిడ మాత్రం రెండో నెలకే బల్ల దగ్గరికి వెళ్ళింది. మొదటి రోజే ఒక తల్లి, చంటిపిల్లతో ఇరుక్కుంది, లైట్లు పోయాయి, పిల్ల ఏడుపు ఫోన్లోంచి ఆఫీసు మొత్తానికి వినబడుతోందట. మేనేజరు కూడా లేచి నిలబడ్డాడట, ఫోను నేను తీసుకుంటాను అమ్మా అని. ఆవిడ ఇవ్వలేదు. నలభై నిమిషాలు ఆ పిల్లని ఎలా ఎత్తుకోవాలో, వీపు ఎలా రాయాలో ఆ తల్లికి చెబుతూ కూచుంది. ఆ తలుపు తీసింది నేనే. బయటికొచ్చాక ఆ తల్లి ఫోనులోకి ఏదో చెప్పబోయి చెప్పలేక ఏడుస్తుంటే, ఆ చివర మా ఆవిడ గొంతు, ఇక పెట్టెయ్యనా అమ్మా? ఆ రోజు ఇంటికెళ్ళి ఎక్కెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే ప్రార్థించింది. ఏడుస్తూనే అడిగింది. ఇద్దరిలో ధైర్యవంతులెవరో నాకు ఆ రాత్రే తెలిసిపోయింది, నేను వెళ్ళి వంటింట్లో కుళాయి వాషరు మార్చాను.

తొమ్మిదీ ముప్పై ఐదు. ఇంకో దారి ఉంది. ఉందని మొదటినుంచీ తెలుసు, చూడకుండా కూచున్నాను, ఇప్పుడు చూస్తున్నాను. లిఫ్టు లోపలి తలుపు చేత్తో జరిపితే జరిగింది. ఎదురుగా గోడ, ఆ గోడకి నా ఛాతీ ఎత్తులో మూడో అంతస్తు నేల అంచు, దానిపైన బయటి తలుపు కింది సగం. పనిముట్ల పెట్టె మీదెక్కి చెయ్యి పైకి పెడితే ఆ తలుపు గొళ్ళెం అందుతుంది. తలుపు తీసి, నేల మీద మోచేతులు ఆనించి, ఒక్క ఎగురు ఎగిరితే వరండాలో ఉంటాను. రెండు నిమిషాలు. అది చెయ్యకూడదు. ఊళ్ళో ప్రతి లిఫ్టులోనూ నేనే రాయించాను, మధ్యలో ఆగితే ఎక్కి బయటికి రావద్దు అని. మనిషి సగం బయట సగం లోపల ఉండగా లిఫ్టు కిందికి జారితే పైకప్పుకీ నేలకీ మధ్య ఏం మిగులుతుందో నాకు చెప్పక్కర్లేదు. మా పొడుగాయన, నాకు పని నేర్పిన మనిషి, అలాగే పోయాడు. అన్నీ తెలిసినవాడే. ఎన్నోసార్లు అలా దూకినవాడే. లోపలి ఫోన్లో మా ఆవిడతో జోకులేస్తూ, ఇక ఎక్కేస్తానమ్మా, రెండు నిమిషాలే, టీకి టైమైంది అన్నాడట. ఆ తరవాత ఫోన్లో విన్నది ఆవిడ ఈరోజుకీ నాకు చెప్పలేదు.

మామూలుగా అయితే బ్రేకు పట్టుకునే ఉంటుంది. జనానికి తెలియదు కానీ కరెంటు పోతే లిఫ్టు పడిపోదు. కరెంటు చేసేది బ్రేకుని వదిలించడం. కరెంటు పోయిందంటే స్ప్రింగు వచ్చి గట్టిగా పట్టేసుకుంటుంది. ఇది నేను ఎంతమందికి చెప్పానో. ఆగిపోయింది అంటే పట్టుకుంది అని అర్థం అమ్మా, భయపడకండి. చర్చిలో ఒకసారి ఆడవాళ్ళ కూటంలో మా ఆవిడ ఈ సంగతే చెప్పి ఏదో పెద్ద అర్థం తీసిందట, వదిన వచ్చి నన్ను మెచ్చుకుంది, నేను విసుక్కున్నాను, లిఫ్టు సంగతి లిఫ్టుకి, దేవుణ్ణి ఎందుకు లాగడం అని. ఎందుకంటే నేను బ్రేకులు విప్పి చూసినవాణ్ణి. అరిగిపోయిన బ్రేకులూ ఉంటాయి. ఈ బ్రేకు మీద అనుమానంతోనే కదా ఇందులోకి ఎక్కాను.

తొమ్మిదీ నలభై మూడు. ఇప్పుడు నేను ఆవిడ పక్కన ఉండాలి. తలదగ్గర ఆ నీలం గీత, ఆవిడ చెయ్యి. మాట ఉండగా వినాల్సిన చివరి మాటలు ఏవో వాటిని వదిన వింటోంది, నర్సు వింటోంది, గోడ మీద మేకు వింటోంది, నేను తప్ప. ఏమయ్యా, నీకు మనసు లేదా? అవును, నిన్నే. నేను పారిపోయాను, నిజమే, పారిపోయినవాణ్ణి ఇలా పెట్టెలో పెట్టి మూతేస్తావా? ఆవిడేం చేసింది? ఊరందరి భయాన్ని చెవిలో వేసుకుంది, ఒక్క అబద్ధం ఆడలేదు, ఆ గొంతే కావాల్సొచ్చిందా నీకు? ఇన్ని తలలున్నాయి, నా తలుంది, ఇందులో ఏముందని, నట్లూ బోల్టులూ, ఇది పెట్టుకోవచ్చు కదా! చిట్టిని తీసుకున్నావు, నోరెత్తలేదు. ఇరవై ఆరేళ్ళు నోరెత్తలేదు. మర్యాదగా ఉన్నాను నీతో, చుట్టాలింటికొచ్చినవాడిలాగ. ఇవాళ మర్యాద లేదు. అరుస్తున్నాను. పైకే అరుస్తున్నానని ఇనుప గోడలు తిరిగి నామీదే అరిస్తే తెలిసింది. అరిచి అరిచి అలిసి నేల మీద కూచున్నాను, ఆ వకీలు లాగే. సిలువ మీద నువ్వు కూడా ఎందుకు అని అరిచావంటారు. నీకూ ఎవరూ జవాబు చెప్పలేదంటారు. ఈ మాట ప్రతి ఏడూ వింటూనే ఉన్నాను, వింటూ వెనక వరసలో ఫ్యాను ఎందుకు కిర్రుమంటోందా అని చూస్తున్నాను. ఇప్పుడు మాత్రం ఆ అరుపు నా పక్కనే, ఈ పెట్టెలోనే వినబడ్డట్టయింది. అంతకంటే ఏం జరగలేదు. లైటు వెలగలేదు, లిఫ్టు కదల్లేదు. విసుగు కూడా పోలేదు. కానీ ఒంటరిగా ఉన్నట్టు లేదు, అదొక్కటీ నిజం.

అయినా లేచాను. నలభై తొమ్మిది. పెట్టె మీదెక్కాను, గొళ్ళెం అందింది, బయటి తలుపు మూరెడు జరిగింది. వెలుతురు, ఫినాయిల్ వాసన, నా నడుం ఎత్తులో వరండా నేల, ఖాళీగా. మోచేతులు ఆనించాను. మోకాలు ఎత్తాను. అప్పుడు వచ్చాయి చక్రాలు. లిఫ్టు నడవనప్పుడు స్ట్రెచర్లు పైకి తోసుకెళ్ళే ర్యాంపు ఈ లిఫ్టు పక్కనుంచే కదా. నాలుగు చక్రాలు, తోసేవాళ్ళ రెండు జతల చెప్పులు, వెనక వదిన చీర అంచు.

"ఆపండి," అంది మా ఆవిడ. "ఇక్కడ ఆపండి. ఇదే... ఇదే పెట్టె."

"అమ్మా, టైమైపోతోంది. సార్ లోపల పని చేసుకుంటున్నారు" అన్నాడు ఒకాయన.

"పని కాదు. గంట నుంచీ చెబుతున్నాను, వినరేం? మూడు కొట్టి ఆగుతున్నారు. పని చేసేవాళ్ళు అలా కొట్టరు. ఇరుక్కున్నవాళ్ళు కొడతారు."

చెప్పిందట. గంట నుంచీ నర్సుకి, ఆయాకి, వచ్చినవాళ్ళందరికీ చెబుతోందట. మధ్యలో ఒకటిరెండు మాటలు తప్పుగా పడుతున్నాయి కదా, లిఫ్టు అనబోయి ఇంకేదో అంటోంది కదా, ఎవరూ పట్టించుకోలేదు. నేను కొట్టిన ప్రతి దెబ్బా విన్నది ఆవిడొక్కతే.

"ఇక్కడున్నానే," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

"తెలుసు. ఎక్కుతున్నారా?"

మోకాలు ఇంకా ఎత్తే ఉంది.

"ఏవండీ. దిగండి. నాకు మాటివ్వండి. మన పొడుగాయన కూడా రెండు నిమిషాలే అన్నాడు."

"నువ్వు వెళ్ళిపోతున్నావు."

"వెళ్తాను. మీరు దిగండి. చెయ్యి కూడా బయట పెట్టకండి."

ముప్పై ఒక్క ఏళ్ళు ఊరందరికీ నేను చెప్పిన మాట. దిగాను. మోకాలు దించడం ఇంత కష్టమని తెలీక ఇన్నేళ్ళు ఎవరికీ సానుభూతి చూపించలేదు నేను. తాళంచెవి తీసి నేల మీద జార్చాను, వదినా, ఇది పెద్దాయనకివ్వండి, టీ కొట్టు దగ్గరుంటాడు, మోటారుకున్న చేతి చక్రం తిప్పి లిఫ్టు జరపమనండి అన్నాను. వదిన వంగి తీసుకుంది. మోకాళ్ళ నొప్పులతో గుడి మెట్లు కూడా ఒక్కో మెట్టు ఆగి ఎక్కే మనిషి, ఒక్క వాక్యం చెప్పకుండా ర్యాంపు మీద పరుగెత్తింది. ఆ చెప్పుల చప్పుడు వింటుంటే వదిన మీద ఇన్నాళ్ళూ నేను పడ్డ విసుగంతటికీ నాకు సిగ్గనిపించింది.

"మీ ప్రార్థన," అంది మా ఆవిడ. "ఒక్క నిమిషమే ఉందట."

లిఫ్టు నేల మీద నిలబడితే నా కళ్ళకి ఎదురుగా చక్రాలు. ఆవిడ మొహం కనబడదు. స్ట్రెచర్ పక్కనుంచి ఆవిడ చెయ్యి వేలాడుతోంది, ప్లాస్టిక్ పట్టీతో. చాపితే అందుతుంది. చాపలేదు, మాటిచ్చాను. కళ్ళు మూసుకోలేదు కూడా, ఆ చెయ్యినే చూస్తూ మొదలుపెట్టాను. ప్రభువా, అన్నాను. తోసేవాళ్ళ చెప్పులు కదలకుండా నిలబడ్డాయి. స్తోత్రం అనబోయాను, రాలేదు. ప్రభువా, నేనిక్కడ ఇరుక్కున్నాను. నీకు తెలుసు. పోయినసారి అడిగితే నువ్వివ్వలేదు. ఎందుకో చెప్పలేదు. ఇప్పటికీ నాకు తెలీదు. అయినా అడుగుతున్నాను. నాకు ఈమె కావాలి. మాటతో కావాలి. మాట లేకపోయినా కావాలి. నేను పైకి రాలేను, నువ్వు వెళ్ళు ఈమెతో. దారంతా పట్టుకునుండు. అంతే. ఇంకేం తెలీదు నాకు.

"ఆమెన్," అంది. మామూలుగా ఆవిడ ఆమెన్ మెత్తగా ఉంటుంది. ఇది ఆఫీసు గొంతు, స్పష్టంగా, లైను అవతల ఎంత గోలగా ఉన్నా వినబడేది. "ఏడవకండి. వినండి. ఎంతసేపు పడుతుందో నాకు తెలీదండీ. మనిషి..." ఆగింది. "మనిషి..."

రావట్లేదు. వేలాడుతున్న చెయ్యి వేళ్ళు ముడుచుకున్నాయి, ఆ మాట గాల్లో ఎక్కడో ఉంటే పట్టుకుందామన్నట్టు. ఇరవై ఏళ్ళు, రోజుకి ఎన్నిసార్లు చెప్పిన మాటో. తరవాత నాకే తెలియకుండా నా నోట్లోంచి వచ్చింది.

"బయల్దేరాడు," అన్నాను.

"ఆ. బయల్దేరాడు." నవ్వు వినబడింది. "లైన్లో ఉండండి."

చక్రాలు కదిలాయి. ర్యాంపు మొదట్లో నేల అతుకు దగ్గర ఒక్కసారి చప్పుడైంది, చిన్న కుదుపు, నేను ఇందులో ఎక్కిందే అలాంటి కుదుపు లేకుండా చేద్దామని. తోసేవాళ్ళు ఆగి, మెల్లగా ఎత్తి దాటించారు. తరవాత చప్పుడు పైకి పోయింది, ఇంకా పైకి, తరవాత వినబడలేదు. నేను తలుపు మీంచి చేతులు తీసేశాను. వెనక్కి జరిగి, మేము అందరికీ చెప్పే చోట, లిఫ్టు మధ్యలో, దేనికీ ఆనుకోకుండా నిలబడ్డాను. విసుగుంది, భయముంది, రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. చాలాసేపటికి పైన డాబా మీద తాళం తీసిన చప్పుడు, పెద్దాయన ఆయాసం, గొట్టంలోంచి వచ్చినట్టు ఆయన గొంతు.

"సార్! ఉన్నారా? ఈ చక్రం బిగుసుకుపోయింది సార్, ఎంతసేపు పడుతుందో ఏమో!"

"ఉన్నాను," అని అరిచాను. "ఇక్కడే ఉన్నాను. మీరు తిప్పండి."